లైనక్స్‌లో హార్డ్‌వేర్ కమాండ్లు సుడో లేకపోతే సగమే ఎందుకు చెబుతున్నాయి?

ఇన్వెంటరీ_డ్యూటీ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఉన్న లైనక్స్ మెషీన్లన్నిటికీ హార్డ్‌వేర్ లిస్టు తయారు చేసే పని నాకు అప్పజెప్పారు. దేంట్లో ఎంత ర్యామ్ ఉంది, ఖాళీ స్లాట్లు ఉన్నాయా, డిస్కులు ఏ మోడల్, బయోస్ ఏ వెర్షన్, సీరియల్ నంబర్ ఎంత, ఇవన్నీ ఒక షీట్‌లోకి ఎక్కాలి. ఎస్‌ఎస్‌హెచ్‌తో ఒక్కో మెషీన్‌లోకి వెళ్లి కమాండ్లు నడిపి అవుట్‌పుట్ పట్టుకొచ్చే చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. అన్నిచోట్లా నాకున్నది మామూలు యూజర్ అకౌంటే. కొన్నిటిలో మాత్రం సుడో (రూట్, అంటే అన్ని అధికారాలున్న అడ్మిన్ యూజర్‌గా కమాండ్ నడిపే వీలు) కూడా ఇచ్చారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అచ్చంగా ఒకే మోడల్ మెషీన్లు రెండున్నాయి. ఒకదాంట్లో స్క్రిప్ట్ సుడోతో నడిచింది, రెండోదాంట్లో సుడో లేకుండా. మొదటిదానికి ఎల్‌ఎస్‌హెచ్‌డబ్ల్యూ (హార్డ్‌వేర్ జాబితా ఇచ్చే కమాండ్) రెండు ర్యామ్ స్లాట్లు, అందులో ఒకటి ఖాళీ అని చక్కగా చూపించింది. రెండోదానికి స్లాట్ల ఊసే లేదు. "సిస్టమ్ మెమరీ" అని ఒక లైను, కింద మొత్తం సైజు, అంతే. షీట్ చూసిన మేనేజర్ "దీంట్లో స్లాట్లు లేవా? ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా?" అని అడిగారు.

పీసీఐ కార్డుల వివరాలు చూపే ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ వీ కొడితే దాదాపు ప్రతి డివైస్ కిందా "కేపబిలిటీస్: యాక్సెస్ డినైడ్" అని వస్తోంది. డిస్కులను చూపే ఎఫ్‌డిస్క్ మైనస్ ఎల్ అయితే పర్మిషన్ లేదంటోంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే (డిస్కులు), ఎల్‌ఎస్‌సీపీయూ (ప్రాసెసర్) మాత్రం సుడో ఉన్నా లేకపోయినా ఒకేలా ఇస్తున్నాయి. ఒక డెబియన్ మెషీన్‌లో, బయోస్ ఇచ్చే వివరాలు చూపే డీఎంఐడీకోడ్ కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్" వచ్చింది. ఇన్‌స్టాల్ చేసే ఉందని అక్కడి అడ్మిన్ ఖాయంగా చెబుతున్నారు.

నేను దేన్నీ మార్చడం లేదు, ఊరికే చదువుతున్నాను. చదవడానికి కూడా రూట్ ఎందుకు కావాలి? స్క్రిప్ట్ మొత్తాన్నీ సుడోతో నడిపేస్తే ఏమైనా ఇబ్బందా? సుడో ఇవ్వని మెషీన్లలో ఎంతవరకు రాబట్టగలను? దయచేసి కాస్త వివరంగా చెప్పండి, రేపు అడ్మిన్ల దగ్గరికి వెళ్లి సుడో అడగాలంటే కారణం నాకు తెలిసి ఉండాలి.

పాతకాపు జవాబు

మంచి ప్రశ్న అండి. కారణం తెలుసుకుని వెళ్లి అడుగుతాననడం ఇంకా మంచిది.

ముందు ఒక విషయం. ఈ కమాండ్లలో చాలావరకు హార్డ్‌వేర్‌ని నేరుగా తాకవు. కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) /సిస్, /ప్రాక్, /డెవ్ కింద పెట్టే ఫైళ్లను చదివి, మనకు అర్థమయ్యేలా పేర్చి చూపిస్తాయి. ఏ ఫైలు ఎవరు చదవొచ్చన్నది కెర్నల్ చేతిలో ఉంటుంది. ఎల్‌ఎస్‌సీపీయూ చదివేవి దాదాపు అన్నీ అందరికీ తెరిచి ఉన్న ఫైళ్లు, అందుకే మీకు తేడా కనిపించలేదు. ఎల్‌ఎస్‌హెచ్‌డబ్ల్యూ చదివేవాటిలో కొన్ని రూట్‌కి మాత్రమే తెరుచుకుంటాయి. అక్కడ దానికి తలుపు తెరుచుకోకపోతే ఆగిపోదు, దొరికినంత ప్రింట్ చేసి ముందుకు పోతుంది. మీ షీట్‌లో జరిగింది ఇదే.

కళ్లారా చూడాలంటే ఏదైనా మెషీన్‌లో /సిస్/క్లాస్/డీఎంఐ/ఐడీ డైరెక్టరీకి వెళ్లి ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొట్టండి. ప్రోడక్ట్_నేమ్, సిస్_వెండర్, బోర్డ్_నేమ్, బయోస్_వెర్షన్, బయోస్_డేట్ ఫైళ్లకు పర్మిషన్ 0444, అంటే అందరూ చదవొచ్చు. వాటి పక్కనే ఉన్న ప్రోడక్ట్_సీరియల్, ప్రోడక్ట్_యూయూఐడీ, బోర్డ్_సీరియల్, ఛాసిస్_సీరియల్ ఫైళ్లకు 0400, అంటే రూట్ ఒక్కడికే. మోడల్ పేరు లక్ష మెషీన్లకు ఒకటే ఉంటుంది, దాంతో ఎవరినీ గుర్తుపట్టలేం. సీరియల్ నంబరూ యూయూఐడీ అలా కాదు, ఆ మెషీన్ ఒక్కదానివే. మీ అకౌంట్ కింద నడిచే ప్రతి ప్రోగ్రామూ వాటిని చదవగలిగితే, మెషీన్‌ని ఫార్మాట్ చేసినా సరే మళ్లీ గుర్తుపట్టొచ్చు. ఆ కట్టడి నాకు సబబుగానే అనిపిస్తుంది.

ర్యామ్ స్లాట్ల సంగతి ఉండేది బయోస్ ఇచ్చే ఎస్‌ఎంబయోస్ పట్టికలో. 4.2 కెర్నల్ (2015) నుంచి అది /సిస్/ఫర్మ్‌వేర్/డీఎంఐ/టేబుల్స్ కింద ఫైలుగా దొరుకుతోంది, అంతకుముందు /డెవ్/మెమ్ ద్వారా నేరుగా మెమరీలోంచి చదవాల్సి వచ్చేది. రెండిటికీ రూట్ కావాల్సిందే, ఎందుకంటే సీరియల్ నంబర్లు కూడా ఆ పట్టికలోనే కలిసి ఉంటాయి. డీఎంఐడీకోడ్ పూర్తిగా దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి రూట్ లేకపోతే చేతులెత్తేస్తుంది. ఎల్‌ఎస్‌హెచ్‌డబ్ల్యూ మాత్రం మొత్తం మెమరీ సైజును వేరే దారిలో తెచ్చుకుని, స్లాట్ల భాగాన్ని వదిలేస్తుంది. "సూపర్ యూజర్‌గా నడపండి, అవుట్‌పుట్ అసంపూర్ణంగా ఉండొచ్చు" అని హెచ్చరిక కూడా ఇస్తుంది. కానీ అది వెళ్లేది స్టాండర్డ్ ఎర్రర్‌కి, అంటే ఎర్రర్లు వెళ్లే వేరే దారికి. మీ స్క్రిప్ట్‌లో ఎర్రర్లను /డెవ్/నల్‌కి (ఏం పంపినా మాయమయ్యే చోటు) పంపుతున్నారేమో ఒకసారి చూడండి.

ఇక పీసీఐ. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది, కాస్త ఓపిక పట్టండి. /సిస్/బస్/పీసీఐ/డివైసెస్ కింద ప్రతి డివైస్‌కీ కాన్ఫిగ్ అనే ఫైలు ఒకటి ఉంటుంది. ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొడితే అందరికీ రీడ్ పర్మిషన్ ఉన్నట్టే కనిపిస్తుంది, సైజు 256 అనో 4096 అనో ఉంటుంది. ఇప్పుడు మామూలు యూజర్‌గా ఆ ఫైలుని క్యాట్‌తో చదివి, డబ్ల్యూసీ మైనస్ సీకి పైప్ చేయండి. 64 అని వస్తుంది. సుడో క్యాట్‌తో అదే పని చేయండి, 256 లేదా 4096 వస్తుంది. ఫైలు తెరుచుకుంది, ఎర్రర్ ఏమీ లేదు, కానీ 64 బైట్ల దగ్గర కెర్నల్ ఆపేసింది. వెండర్ ఐడీ, డివైస్ ఐడీ, క్లాస్ కోడ్ ఆ మొదటి 64 బైట్లలోనే ఉంటాయి, అందుకే కార్డు పేరు మీకు సరిగ్గా వస్తోంది. కేపబిలిటీస్ (డివైస్ అదనపు సామర్థ్యాల) వరస 64వ బైట్ దాటాకే మొదలవుతుంది. అందుకే అక్కడ "యాక్సెస్ డినైడ్".

64 దగ్గరే ఎందుకు ఆపారంటే, కారణం రహస్యం దాచడం కాదు. కొన్ని చిప్పులు, వాటిలో నిర్వచించని కాన్ఫిగ్ స్థానాన్ని చదివితే చాలు, బిగుసుకుపోతాయి. కెర్నల్ సోర్స్‌లో ఆ గీత గీసిన చోట కామెంట్ కూడా ఈ మాటే చెబుతుంది. "ఊరికే చదువుతున్నాను" అన్నారు కదా, హార్డ్‌వేర్ రిజిస్టర్ల దగ్గర చదవడం కూడా ఒక్కోసారి పనిచేయడంతో సమానం. లాగిన్ ఉన్న ఎవరైనా ఒక్క కమాండ్‌తో సర్వర్‌ని హ్యాంగ్ చేయగలిగితే ఎలా? ఇప్పటి హార్డ్‌వేర్‌లో అలాంటి చిప్పులు అరుదు, సుడో ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ వీవీ నిశ్చింతగా నడపొచ్చు. మైనస్ ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ ఆప్షన్ మాత్రం మొత్తం కాన్ఫిగ్ స్పేస్‌ని తోడి చూపిస్తుంది. మీ లిస్టుకి దాని అవసరం లేదు, పనిలో ఉన్న సర్వర్ మీద సరదాకి కొట్టకండి.

డిస్కుల విషయం తేలిక. ఎఫ్‌డిస్క్ /డెవ్/ఎస్‌డీఏ లాంటి బ్లాక్ డివైస్‌ని నేరుగా తెరుస్తుంది. దాన్ని తెరవగలిగినవాడు డిస్కులో ఎవరి ఫైలునైనా చదవగలడు, కాబట్టి రూట్‌కీ డిస్క్ గ్రూపుకీ తప్ప ఇవ్వరు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆ డివైస్‌ని ముట్టుకోదు. /సిస్ నుంచి, యూడెవ్ (డివైస్‌ల లెక్క చూసే సర్వీసు) ఇంతకుముందే సేకరించి పెట్టిన డేటాబేస్ నుంచి తీసుకుంటుంది. కాబట్టి ఎల్‌ఎస్‌బీఎల్‌కే మైనస్ ఓ పెట్టి నేమ్, సైజ్, మోడల్, సీరియల్ కాలమ్‌లు అడిగితే మామూలు యూజర్‌కి కూడా వచ్చేస్తాయి. మెషీన్ సీరియల్ దాచి డిస్క్ సీరియల్ వదిలేశారన్నమాట, ఈ తేడాకి తర్కం నాకు కనిపించలేదు గానీ మీ పనికి ఉపయోగమే. బీఎల్‌కేఐడీ మాత్రం వాడకండి, రూట్ కాకపోతే పాత క్యాష్‌లోది చూపించవచ్చు.

డెబియన్‌లో కమాండ్ దొరక్కపోవడానికి పర్మిషన్‌తో సంబంధం లేదు. డీఎంఐడీకోడ్ ఉండేది /యూఎస్‌ఆర్/ఎస్‌బిన్‌లో. డెబియన్‌లో మామూలు యూజర్ పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో) అది ఉండదు. పూర్తి పాత్ ఇచ్చి నడపండి. డెబియన్ 10 (2019) నుంచి ఉత్త ఎస్‌యూ కొట్టి రూట్ అయినా పాత పాత్ అలాగే ఉంటుంది, ఎస్‌యూ తర్వాత హైఫన్ పెడితేనే రూట్ పాత్ వస్తుంది. సుడోలో ఈ గొడవ లేదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది /ప్రాక్/ఐఓమెమ్ (మెమరీ అడ్రసుల పటం). మామూలు యూజర్‌గా చదివితే ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, లైన్లన్నీ వస్తాయి. అడ్రసులు మాత్రం అన్నీ సున్నాలు. యాక్సెస్ డినైడ్ అని మొహం మీద చెప్పే కమాండ్‌తో ఇబ్బంది లేదు. నోరు మూసుకుని ఖాళీనో సున్నానో చేతిలో పెట్టేవాటితోనే జాగ్రత్తగా ఉండాలి. షీట్‌లో ప్రతి గడికీ "లేదు", "చూడలేకపోయాం" అని రెండు వేర్వేరు విలువలు పెట్టండి. మీ మేనేజర్ అడిగిన ప్రశ్న ఈ రెండూ కలిసిపోవడం వల్లే వచ్చింది.

సుడో_కాపలా జవాబు

పైన చెప్పినదంతా సరైనదే. రెండో ప్రశ్నకి, అంటే స్క్రిప్ట్ మొత్తాన్నీ సుడోతో నడపడం గురించి, నేను చెబుతాను.

వద్దండి. స్క్రిప్ట్ ఫైలు మీ హోమ్ డైరెక్టరీలో ఉంటే, దాన్ని మార్చగలిగిన ఎవరైనా రూట్‌గా ఏదైనా చేయగలరు. సుడో అవసరమైన లైనుకి మాత్రమే పెట్టండి. మీ లిస్టులో అలాంటివి రెండు మూడుకి మించవు. స్క్రిప్ట్‌లో సుడో మైనస్ ఎన్ అని వాడండి. పాస్‌వర్డ్ అవసరమైతే ప్రాంప్ట్ దగ్గర వేలాడకుండా వెంటనే ఫెయిల్ అవుతుంది, అప్పుడు షీట్‌లో "చూడలేకపోయాం" అని రాయించవచ్చు.

అడ్మిన్‌ని అడిగేటప్పుడు "సుడో ఇవ్వండి" అనకండి. ఎవరు ఏ కమాండ్‌ని సుడోతో నడపొచ్చో రాసి ఉండే ఫైలు సుడోయర్స్. "సుడోయర్స్‌లో /యూఎస్‌ఆర్/ఎస్‌బిన్/డీఎంఐడీకోడ్ మైనస్ టీ మెమరీ, డీఎంఐడీకోడ్ మైనస్ టీ సిస్టమ్, ఈ రెండు కమాండ్లకు ఇదే ఆర్గ్యుమెంట్లతో అనుమతి ఇవ్వండి" అని అడగండి. ఆర్గ్యుమెంట్లు కూడా రాయించుకోవడం ముఖ్యం. సుడోయర్స్‌లో కమాండ్ పేరు ఒక్కటే రాస్తే, దానికి ఏ ఆప్షన్ ఇచ్చినా చెల్లుతుంది. డీఎంఐడీకోడ్‌కి డంప్-బిన్ అనే ఆప్షన్ ఉంది, పట్టికని మీరు చెప్పిన ఫైలులోకి రాస్తుంది. 3.5 కంటే పాత వెర్షన్లలో ఆ ఫైలు అప్పటికే ఉన్నా దాని మీద రాసేసేది. సుడోతో నడుస్తుంటే సిస్టమ్‌లోని ఏ ఫైలునైనా పాడుచేయొచ్చన్నమాట. దీనికి భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2023-30630 అని నంబర్ కూడా ఉంది. పేరుకి చదివే కమాండే, కానీ రాయగలదు. ఏ కమాండ్‌కైనా సుడో ఇచ్చే ముందు దాని మ్యాన్ పేజీలో ఫైలులోకి రాసే ఆప్షన్ ఉందా అని వెతకడం నాకు అలవాటు.

ఎవరో ఒకరు వచ్చి ఎల్‌ఎస్‌హెచ్‌డబ్ల్యూకి సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా రూట్‌గానే నడిచేలా చేసే గుర్తు) పెట్టెయ్యమనో, మీ యూజర్‌ని డిస్క్ గ్రూపులో కలిపెయ్యమనో సలహా ఇస్తారు. రెండూ చేయకండి. డిస్క్ గ్రూపులో ఉండటమంటే పాస్‌వర్డ్ అడగకుండా రూట్ ఇచ్చేసినట్టే, పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైలుని కూడా నేరుగా డిస్కులోంచే చదువుకోవచ్చు.

ఇంకొకటి. సుడోతో తెచ్చిన ఎల్‌ఎస్‌హెచ్‌డబ్ల్యూ అవుట్‌పుట్‌ని సాయం కోసం ఎక్కడైనా పోస్ట్ చేయాల్సి వస్తే మైనస్ శానిటైజ్ ఆప్షన్‌తో తీయండి, సీరియల్ నంబర్లు, ఐపీ అడ్రసుల్లాంటివి తీసేస్తుంది. ఇన్‌ఎక్స్‌ఐ అనే ఇలాంటి కమాండ్ వాడేవాళ్లకు మైనస్ జెడ్ ఉంది.

రాత్రి_షిఫ్ట్ జవాబు

మూడో ప్రశ్నకి నా వంతు. సుడో ఇవ్వని మెషీన్లలో కూడా ర్యామ్ స్లాట్లు చూడొచ్చు, చాలామందికి తెలియదు.

కొత్త సిస్టమ్‌డీ (బూట్‌నీ సర్వీసుల్నీ నడిపేది) ఉన్న డిస్ట్రోల్లో యూడెవ్ బూట్ సమయంలోనే రూట్‌గా డీఎంఐ పట్టిక చదివి, మెమరీ వివరాలు తన డేటాబేస్‌లో పెట్టుకుంటుంది. ఆ డేటాబేస్ అందరికీ తెరిచి ఉంటుంది. యూడెవ్‌ఏడీఎం ఇన్ఫో మైనస్ పీ అని కొట్టి, పాత్‌గా /సిస్/డివైసెస్/వర్చువల్/డీఎంఐ/ఐడీ ఇవ్వండి. మెమరీ_డివైస్_0, మెమరీ_డివైస్_1 అని మొదలయ్యే లైన్లలో స్లాట్ పేరు, సైజు, రకం, వేగం ఉంటాయి. పాత డిస్ట్రోల్లో ఈ లైన్లు ఉండవు, అక్కడ డీఎంఐడీకోడే గతి.

గ్రాఫిక్స్ కార్డో ఎన్‌వీఎంఈ డిస్కో పూర్తి వేగంతో కనెక్ట్ అయిందా అని చూడటానికి కూడా అందరూ సుడో ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ వీవీ కొట్టి ఎల్‌ఎన్‌కే‌ఎస్‌టీఏ లైను (లింక్ స్థితి) వెతుకుతారు. అక్కర్లేదు. ఆ డివైస్ డైరెక్టరీలోనే కరెంట్_లింక్_స్పీడ్, కరెంట్_లింక్_విడ్త్, మ్యాక్స్_లింక్_స్పీడ్ అని ఫైళ్లుంటాయి, మామూలు యూజర్ క్యాట్‌తో చదవొచ్చు.

డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌కి మాత్రం రూట్ తప్పదు, అది డిస్కుకి నిజంగానే కమాండ్లు పంపుతుంది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ మైనస్ వీకి కూడా రూట్ లేకపోతే కొన్ని వివరాలు తగ్గుతాయి. ఇన్వెంటరీకి అది పెద్ద లోటు కాదు.

ఇన్వెంటరీ_డ్యూటీ

ముగ్గురికీ చాలా థాంక్స్ అండి. పైపుతో 64 బైట్లు నా కళ్లతో చూశాక మొత్తం విషయం అర్థమైంది. స్క్రిప్ట్‌లో ఎర్రర్లను /డెవ్/నల్‌కి పంపే లైను నిజంగానే ఉంది, తీసేశాను. ఇప్పుడు ఎర్రర్లన్నీ వేరే ఫైలులో పడుతున్నాయి. యూడెవ్ దారి కొత్త మెషీన్లలో పనిచేసింది, రెండోదాంట్లో కూడా ఖాళీ స్లాట్ ఉందని తేలింది. పాతవాటికి సుడోయర్స్ లైన్లు రాసి అడ్మిన్‌కి పంపాను, "ఇలా అడిగితే ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు" అన్నారు.

ఇంకో సందేహం మిగిలింది. ఒకచోట లాగిన్ అయితే యూజర్ రూట్ అనే చూపిస్తోంది, ఐడీ కొట్టినా యూఐడీ (యూజర్ నంబర్) రూట్‌కి ఉండే సున్నానే. అయినా ఎల్‌ఎస్‌పీసీఐలో యాక్సెస్ డినైడ్ వస్తోంది. ఇంకోచోట డీఎంఐడీకోడ్ అంతా ఇచ్చింది గానీ సీరియల్ నంబర్ దగ్గర "టు బీ ఫిల్డ్ బై ఓఈఎం" అని ఉంది. దీనికీ ఏదైనా పర్మిషన్ కారణమా?

పాతకాపు జవాబు

మొదటిది కంటైనర్, అంటే కింద ఉన్న మెషీన్ (హోస్ట్) కెర్నల్‌నే పంచుకునే వేరు చేసిన గది లాంటిది, అయి ఉంటుంది. కంటైనర్ లోపల యూఐడీ సున్నా ఉన్నంత మాత్రాన కెర్నల్ దృష్టిలో రూట్ కారు. 64 బైట్ల గీత దగ్గర కెర్నల్ చూసేది యూఐడీని కాదు, అసలు హోస్ట్‌లో క్యాప్_సిస్_అడ్మిన్ అనే అధికారం ఉందా అని. కంటైనర్లకు అది మామూలుగా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పైగా అక్కడ కనిపించే పీసీఐ డివైస్‌లు కంటైనర్‌వి కావు, కింద ఉన్న హోస్ట్‌వి. షీట్‌లో దానికి వేరే వరస పెట్టకండి, ఒకే మెషీన్ రెండుసార్లు ఎక్కుతుంది. సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్ అని కొడితే కంటైనరో, వర్చువల్ మెషీనో, నిజం మెషీనో చెబుతుంది. స్క్రిప్ట్ మొదటి లైనులో అదే పెట్టండి.

రెండోదానికి పర్మిషన్‌తో పనిలేదు. డీఎంఐడీకోడ్ హార్డ్‌వేర్‌ని వెతకదు, బయోస్ ఏం రాసి పెట్టిందో అదే చదువుతుంది. విడిభాగాలు తెచ్చి అసెంబుల్ చేసిన మెషీన్లలో సీరియల్ నంబర్ ఎవరూ నింపరు, బోర్డు తయారీదారు వదిలేసిన ఆ మాటే ఉండిపోతుంది. గరిష్ఠ ర్యామ్ ఎంత పడుతుందన్న లైను కూడా ఇదే కోవది, తప్పుగా ఉండటం నేను చాలా బోర్డుల్లో చూశాను. ర్యామ్ కొనాలనుకుంటే ఆ లైను నమ్మకుండా బోర్డు మాన్యువల్ చూడండి. సీరియల్ విషయంలో అలాంటి మెషీన్లకు బోర్డ్_సీరియల్ ఒకసారి ప్రయత్నించండి, కొన్నిటిలో అదైనా ఉంటుంది. అదీ లేకపోతే మీ ఆఫీసు స్టిక్కర్ అంటించి ఆ నంబరే షీట్‌లో రాసుకోండి.